నలుపు తెలియని టీవీలు

తాడిపత్రిలో టీవీ కొనడానికి బయలుదేరిన మనిషికి గడప దాటకముందే ఒక సలహా అందుతుంది. "అంగట్లో వరసగా పెట్టుంటారు కదా, అన్నీ ఒకసారి చూడు. ఏది బాగా వెలుగుతా ఉంటే అది తీసుకో." పెద్దవాళ్లూ ఇదే చెబుతారు, ఇంజనీరింగ్ చదివిన పిల్లలూ ఇదే చెబుతారు. అంగట్లో అమ్మే కుర్రవాడైతే రిమోట్ తీసి వెలుగు ఇంకో నాలుగు మెట్లు పెంచి మరీ చూపిస్తాడు. "చూడండన్నా, బొమ్మ ఎట్ల కొట్టొచ్చినట్టుందో!" ఈ సలహాకు ఆసరాగా ఒక చరిత్ర కూడా చెబుతారు. ప్లాస్మా అని ఒకటి వచ్చింది, కరెంటు తాగింది, గదిని వేడెక్కించింది, తెర మీద మచ్చలు పడ్డాయి, పోయింది. ఎల్‌సీడీ నిలబడింది. నిలబడింది కాబట్టి అదే మంచిది.

సలహా తప్పు. ఆసరాగా చెప్పే చరిత్ర అంతకన్నా తప్పు. ఇంట్లో, రాత్రి పూట, నలుగురూ కూర్చుని చూసే బొమ్మ విషయంలో ప్లాస్మాయే మేలు. అది ఓడింది బొమ్మ దగ్గర కాదు. ఫ్యాక్టరీల లెక్కల్లో ఓడింది, అంగడి లైట్ల కింద ఓడింది. ఆ ఓటమిని మనం బొమ్మ మంచిచెడ్డల ఖాతాలో రాసుకున్నాం. ప్లాస్మా తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది, ఇప్పుడీ గొడవ ఎందుకని అడగొచ్చు. అంగట్లో పెట్టెలు మారాయి గానీ మనం ఎంచుకునే పద్ధతి మారలేదు. ఆనాడు ప్లాస్మాను కాదన్న కారణాలతోనే ఈనాడు కూడా ఇంటికి పనికొచ్చే టీవీని పక్కన పెట్టి, అంగడికి పనికొచ్చే టీవీని తెచ్చుకుంటున్నాం. అప్పు చేసి తెచ్చుకునేవాళ్లు ఎంతోమంది ఉన్న ఊరు ఇది. అందుకే ఇది పట్టించుకోవలసిన సంగతి.

ముందు ఓటమి సంగతి చూద్దాం. 2009 ఫిబ్రవరిలో పయొనీర్ కంపెనీ టీవీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2007లో అది తెచ్చిన 'కూరో' వరస ప్లాస్మాలను, ఆ తర్వాత వచ్చిన ఎల్‌సీడీలు ఎంతవరకు వచ్చాయో చూడటానికి ఏళ్ల తరబడి కొలబద్దగా వాడారు. 2013 చివరికి పానసోనిక్ ప్లాస్మా తెరల తయారీ ఆపేసింది. 2014లో శాంసంగ్, ఎల్‌జీ మానుకున్నాయి. ఆపేసేనాటికి వాళ్ల చేతిలో ఉన్నది పనికిరాని సరుకు కాదు. పానసోనిక్ చివరి ఏడాది అమ్మిన జడ్‌టీ60ని అప్పటి సమీక్షకులు అత్యుత్తమ టీవీల్లో ఒకటిగా లెక్కగట్టారు. మంచి పంట పండించిన రైతు మార్కెట్టు ధర చూసి పంట మానేశాడంటే ఆ పంటలో పురుగుందని ఎవరైనా అంటారా?

ధర ఎక్కడ దెబ్బతీసింది? ఎల్‌సీడీని ఫోనుకు చేయొచ్చు, కంప్యూటరుకు చేయొచ్చు, గోడంత టీవీకి చేయొచ్చు. ప్రపంచమంతా ల్యాప్‌టాప్‌లు, మానిటర్లు కొంటున్న కాలంలో ఆ ఫ్యాక్టరీలు ఏడాదికేడాది పెరిగాయి, తెర ధర దిగుతూ పోయింది. ప్లాస్మాకు ఆ వెసులుబాటు లేదు. దాని లోపలి గదులు చిన్నవి చేసేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది, అందుకే అది ఎక్కువగా 42 అంగుళాలు, ఆపైన సైజుల్లోనే బతికింది. 4కె తెరలు వచ్చేసరికి ఆ గదుల్ని ఇంకా చిన్నవి చేయాల్సి వచ్చింది, అది గిట్టుబాటు కాలేదు. యూరప్‌లో టీవీల కరెంటు వాడకం మీద నిబంధనలు బిగిశాయి. ఇదీ జరిగింది. ఈ కథలో తెర ముందు కూర్చుని బొమ్మ చూసి, ఇది బాగాలేదని లేచి వెళ్లిపోయిన మనిషి ఎక్కడా లేడు.

ఎల్‌సీడీ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే టీవీలు బాగుచేసే అంగట్లో అరగంట కూర్చుంటే చాలు. "సౌండ్ వస్తా ఉంది, బొమ్మ రాలేదన్నా" అంటూ ఎవరో ఒకరు టీవీ మోసుకొస్తారు. మెకానిక్ ప్లగ్గు పెట్టి, అంగట్లో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి వేసి తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుంటాడు. అంతవరకు నల్లగా ఉన్న తెర మీద, టార్చి వెలుగు పడ్డ మేరకు గుండ్రంగా, సీరియల్‌లో అత్తగారి మొహం సన్నగా కనబడుతుంది. టార్చి పక్కకు జరిపితే చెవికమ్మ, ఇంకాస్త జరిపితే వెనక గోడకున్న పటం. బొమ్మ ఉంది, కదులుతోంది కూడా. లేనిది దాని వెనక దీపం. "బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు పోయినాయి" అని టార్చి ఆర్పేస్తాడు.

అదే ఎల్‌సీడీ. వెనక ఒక దీపం, ముందు ఆ వెలుగును వదిలేదీ అడ్డుకునేదీ అయిన ద్రవ స్ఫటికాల పొర. పాతవాటిలో ఆ దీపం సన్నటి ట్యూబులైట్లు, ఇప్పుడు ఎల్‌ఈడీలు. ఎల్‌ఈడీ టీవీ అని మనకు అమ్ముతున్నదీ ఎల్‌సీడీయే, మారింది వెనక దీపం మాత్రమే. తెర మీద అమావాస్య రాత్రి చూపించాల్సి వచ్చినా మామూలు ఎల్‌సీడీలో ఆ దీపం ఆరదు. పొర అడ్డుకోవాలి, కానీ పూర్తిగా అడ్డుకోలేదు. కొంత వెలుగు కారిపోతూనే ఉంటుంది. అందుకే మన ఇళ్లలో అమావాస్య బూడిద రంగులో ఉంటుంది. వెలుగు పెంచిన టీవీ ఆ స్ట్రిప్పుల ఆయుష్షును కూడా తినేస్తుంది. ఆ మాట మెకానిక్కులే చెబుతారు. కొత్త స్ట్రిప్పులు వేసినప్పుడు వాటికి వెళ్లే కరెంటును కొంచెం తగ్గించి మరీ ఇచ్చేవాళ్లున్నారు.

ప్లాస్మాలో వెనక దీపమే లేదు. రెండు గాజు పలకల మధ్య లక్షల కొద్దీ బుల్లి గదులు, వాటిలో నియాన్, జీనాన్ వాయువులు. కరెంటు తగిలితే వాయువు అతినీలలోహిత కిరణాలు విడుస్తుంది, ఆ కిరణాలు గదికి పూసిన ఫాస్ఫర్‌ను వెలిగిస్తాయి. వెలుగు కావలసిన చోట గది వెలుగుతుంది, అక్కర్లేని చోట దాదాపు ఆరి ఉంటుంది. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వాళ్ల విద్యార్థి రాబర్ట్ విల్సన్ దీన్ని తయారుచేశారు. ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థకు తెర కావలసి వచ్చి కనిపెట్టిన వస్తువది. నారింజ రంగులో వెలిగే ఆ చిన్న తెర నుంచి గోడంత రంగుల తెర దాకా రావడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

ఎల్‌సీడీ శాస్త్రం మీద నాకు చిన్నచూపు లేదు. అందులో మనకు పక్కనే ఉన్న బెంగళూరు చేయి కూడా ఉంది. సి.వి. రామన్ మేనల్లుడు శివరామకృష్ణ చంద్రశేఖర్ 1977లో రామన్ పరిశోధన సంస్థలో తన సహచరులతో కలిసి పళ్లెం ఆకారపు అణువులతో ఏర్పడే కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టారు. పక్క నుంచి చూస్తే ఎల్‌సీడీ బొమ్మ వెలిసిపోతుంది కదా, ఆ లోపం తగ్గించడానికి తర్వాత జపాన్‌లో ఫ్యూజీ కంపెనీ తెచ్చిన పలుచటి పొరలో ఉన్నది ఆ జాతి అణువులే. ఎండలో చేత్తో పట్టుకునే ఫోనుకు, ఆఫీసు బల్ల మీది కంప్యూటరుకు ఎల్‌సీడీ సరిగ్గా సరిపోయింది. నేను మాట్లాడుతున్నది రాత్రి భోజనాలయ్యాక పడసాలలో చూసే బొమ్మ గురించి.

అక్కడ నలుపు ఎందుకంత ముఖ్యమో తాడిపత్రి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్లి, సగంలో ఆగిపోయిన ఆ గోపురాల శిల్పాలను ఎండ నేరుగా మొహాన కొట్టే వేళ ఒకసారి చూడండి, ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడే వేళ ఇంకోసారి చూడండి. మొదటి వేళ రాయి బాగా వెలుగుతుంది, బొమ్మ మాత్రం చదునైపోతుంది. రెండో వేళ ప్రతి ముడతలోకీ నీడ దిగుతుంది, నాట్యకత్తె నడుము తిరుగుతుంది, గుర్రం కాలు రాతి నుంచి బయటికొస్తుంది. రాయి అదే, ఉలి దెబ్బ అదే. తెర మీదా అంతే. నల్ల గొంగడి కప్పుకున్న మనిషి చీకట్లో నడిచి వస్తున్నాడనుకోండి. గొంగడి ఎక్కడ ముగిసిందో చీకటి ఎక్కడ మొదలైందో కన్నుకు తెలియాలి, అతని మొహం మీద చుట్ట నిప్పు వెలుగు మాత్రం పడాలి. ఆ సన్నివేశం తీసిన ఛాయాగ్రాహకుడు దానికోసం రాత్రంతా మేలుకుని ఉంటాడు. వెనక దీపం ఆరని టీవీలో గొంగడీ చీకటీ ఒకే బూడిద ముద్ద. కుర్రవాడు నాలుగు మెట్లు పెంచిన వెలుగు ఆ ముద్దను ఇంకా తెల్లగా చేస్తుంది.

మరి అంగట్లో ఇదెందుకు కనిపించదు? అంగట్లో నలుపు అనేదే ఉండదు కాబట్టి. కప్పు నిండా లైట్లు, వీధి వైపు అంతా అద్దం. ఇంటి రాత్రి వెలుగుతో పోలిస్తే అక్కడి వెలుగు ఎన్నో రెట్లు. అంత వెలుగు మీద పడితే ప్లాస్మాలోని ఫాస్ఫర్ పూత దాన్ని తిప్పికొట్టి తెరంతా పాలిపోయినట్టు కనిపించేది. పక్కనే ఎల్‌సీడీ తన దీపాన్ని పూర్తిగా పెంచి ధగధగలాడేది. పైగా అంగట్లో చూపించే వీడియో ఎలాంటిది? పూలు, చిలకలు, నీలి సముద్రం, కోసిన పండ్లు. ఒక్క చీకటి సన్నివేశం ఉండదు. పరీక్షే ఒక పక్షానికి రాసిచ్చినట్టుంటే ఫలితం వేరుగా ఎలా వస్తుంది? ప్లాస్మాను తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు వెలుగులో నిలబెట్టి, నువ్వు రాత్రికి పనికిరావని తీర్పు చెప్పారు.

ఇక్కడ ఎల్‌సీడీ పక్షం వాళ్ల బలమైన వాదన ఒకటి ఉంది. దాన్ని తప్పించుకుని వెళ్లను. "రాత్రి సరే, పగలు చూడమా? వెలుగున్న గదిలో ప్లాస్మా తేలిపోతుంది కదా?" తేలిపోతుంది, నిజమే. గోడంత అద్దాల కిటికీలు పెట్టుకుని, ఏడాదిలో సగం రోజులు ఎండ కోసం మొహం వాచే దేశాల్లో పుట్టిన వాదన ఇది, అక్కడి ఇళ్లకు అతుకుతుంది. మన ఇంటికి అతుకుతుందా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే కరువు సీమ మనది. మార్చి చివర నుంచి జూన్‌లో నాలుగు చినుకులు పడేదాకా పొద్దున పదింటికి మనం చేసే మొదటి పని ఏమిటి? తలుపులు మూస్తాం. కిటికీ రెక్కలు దగ్గరికి వేస్తాం. వేడి గాలి రాకుండా దుప్పటి మడిచి కిటికీకి కట్టేవాళ్లున్నారు. పాత మిద్దెల్లో పైకప్పుకున్న గవాచి ఒక్కటే వెలుగు దారి, దాని మీద కూడా బండ జరుపుతారు. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో వీధంతా తెల్లగా కాలుతుంటే పడసాలలో పట్టపగలే దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. ఆ చీకట్లో చల్లటి బండల మీద చాప వేసుకుని ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం సినిమా చూస్తారు. ప్లాస్మా కోసం ప్రత్యేకంగా గది కట్టమని ఎవరైనా అడిగితే తాడిపత్రి ఇల్లు చూపిస్తే సరిపోతుంది. పరదేశపు పగలును తెచ్చి మన పగలు మీద పెట్టి, వెలుగు ఎక్కువున్న టీవీయే కావాలంటే ఎలా?

చలికాలంలో, వానాకాలంలో తలుపులు తెరిచే ఉంటాయి, ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మన ఊరి నల్ల బండలు పాలిష్ పట్టి పరిస్తే నేల మీద మొహం కనిపిస్తుంది. ప్లాస్మా ముందు భాగం అద్దం. వీధి వాకిలికి ఎదురుగా పెడితే వాకిలీ, వాకిట్లో మోటారు సైకిలూ, నేల మీంచి లేచిన ట్యూబులైటు మెరుపూ అన్నీ హీరో మొహం మీదే కనబడతాయి. దానికి మందు టీవీని పక్క గోడకు జరపడం, ట్యూబులైటును చూసేవాళ్ల వెనక కాకుండా టీవీ ఉన్న గోడకే బిగించడం. ఒక మేకు, ఒక గజం వైరు ఖర్చు. దానికి బొమ్మనే వదులుకోనక్కర్లేదు.

కరెంటు మాటకొద్దాం. ప్లాస్మా కరెంటు తాగుతుందన్నది మన జిల్లాలో దాదాపు సామెత అయిపోయింది. పెట్టె వెనక చీటీ మీద 300 వాట్లు దాటిన అంకె చూసి మనుషులు భయపడ్డారు. అది గరిష్ఠం. తెరంతా తెల్లగా వెలిగినప్పటి లెక్క. ప్లాస్మా తాగే కరెంటు బొమ్మను బట్టి మారుతుంది, చీకటి సన్నివేశంలో బాగా తగ్గుతుంది. 42 అంగుళాలకు సగటున 200 వాట్ల చుట్టుపక్కల అనుకుందాం. ఈ అపవాదు పుట్టిన 2008, 2009 కాలంలో ఎల్‌సీడీల వెనక ఉన్నవి ట్యూబులు, అవీ 150 వాట్లకు తక్కువేం తాగలేదు. ఎల్‌ఈడీలు వచ్చాక అసలు తేడా వచ్చింది, 80 వాట్లతో సరిపోయింది. ఆ తేడానే లెక్కేద్దాం. 120 వాట్లు, రోజుకు అయిదు గంటలు, నెలకు 18 యూనిట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ రెండు రాత్రులు నడిస్తే అయ్యే ఖర్చు. ఆ ఏసీని నెలంతా నడిపే ఇంట్లో, టీవీ దగ్గర మాత్రం 18 యూనిట్ల కోసం బొమ్మను కుదువ పెట్టడం ఏం పొదుపు?

వేడి కూడా ఆ లెక్కలోనే ఉంది. గదిలోకి అదనంగా వచ్చేది ఆ 120 వాట్లే. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే ప్లాస్మా ఉన్న ఇల్లు, ఇంకో చుట్టం వచ్చి కూర్చున్న ఇల్లంత వేడి. మే నెలలో అది కూడా భారమే, కాదనను. కానీ గదిని కాల్చేసిందన్న మాట మాత్రం అబద్ధం.

ఒక్క విషయంలో ఆనాటి జనం సరైన లెక్కే వేశారు. 2012, 2013లో కరెంటు కోతలు గుర్తున్నాయి కదా. పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చి, మన బండల పాలిష్ మిషన్లు వారంలో రోజుల తరబడి ఆగిన కాలం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, పైన ఎల్‌ఈడీ టీవీ నడిచేది. ప్లాస్మా పెడితే బ్యాటరీ తొందరగా పడిపోయేది. ఆ రోజుల్లో ఎల్‌సీడీ కొన్నవాళ్లను తప్పుపట్టను, పిల్లల చదువుకు ఫ్యాన్ ముఖ్యం. అయితే అది కరెంటు సరఫరా తప్పు. ఆ తప్పును టీవీ నెత్తిన రుద్ది, కోతలు పోయిన తర్వాత కూడా దాన్నే శాశ్వత సత్యంగా మోసుకు తిరగడం న్యాయం కాదు.

మచ్చల మాట వేరు. అది నిజమైన లోపం. కదలని గుర్తు ఒకే చోట గంటల తరబడి వెలిగితే అక్కడి ఫాస్ఫర్ మిగతా దానికన్నా త్వరగా అరిగిపోయి నీడ మిగులుతుంది. తెలుగు వార్తా చానళ్ల సంగతి తెలిసిందే, తెరకు ఒక మూల చానల్ గుర్తు, కింద రెండు వరసల స్క్రోలింగ్, పక్కన ఇంకో పెట్టె, ఇరవై నాలుగు గంటలూ. వార్తల చానల్ పొద్దున పెట్టి రాత్రి ఆపే ఇంటికి ప్లాస్మా పనికొచ్చేది కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ప్లాస్మాలాగే ప్రతి చుక్కా తానే వెలిగే ఈనాటి ఓఎల్‌ఈడీకీ ఇదే వర్తిస్తుంది. మాంట్రియల్‌లోని ఆర్‌టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2018లో ఆరు ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు ఇరవై గంటల చొప్పున నడిపింది. వార్తా చానల్ నడిచిన తెరల మీద మచ్చలు పడ్డాయి, రకరకాల కార్యక్రమాలు మారుతూ నడిచినవి నిలబడ్డాయి. కాబట్టి హోటల్‌కు, మంగలి అంగడికి, వార్తలు ఆపని తాతయ్య గదికి ఎల్‌సీడీ పెట్టండి. రాత్రి సీరియల్, ఆదివారం సినిమా, సాయంత్రం క్రికెట్ చూసే ఇంటికి ఆ భయం చూపించి ఎల్‌సీడీ అంటగట్టొద్దు.

క్రికెట్ అన్నాను కాబట్టి ఒక ముక్క. బంతి బౌండరీకి పరిగెడుతుంటే ఎల్‌సీడీలో దాని వెనక తోక సాగుతుంది. ఒక్కో చట్రాన్ని తర్వాతి చట్రం వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంచడం దాని స్వభావం, మన కన్ను మాత్రం బంతితో పాటు జరుగుతూ ఉంటుంది. ప్లాస్మా వెలుగును చిన్న చిన్న మెరుపులుగా ఇచ్చేది, బంతి బంతిగానే ఉండేది.

దీనికన్నా పెద్దది కూర్చునే చోటు సంగతి. అంగట్లో టీవీని ఎదురుగా నిలబడి చూస్తాం. ఇంట్లో ఎవరు ఎదురుగా కూర్చుంటారు? అవ్వ గోడవార మంచం మీద, పిల్లలు తెర కింద నేల మీద, కోడలు వంటింటి గడప దగ్గర బియ్యం చేట పట్టుకుని. ఎదురుగా ఉన్న కుర్చీ ఒకటే. ప్లాస్మా అన్ని వైపులా ఒకేలా కనబడేది. ఎల్‌సీడీల్లో వీఏ రకం తెరలకు నలుపు కొంత మెరుగు, కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకానికి పక్క చూపు బాగుంటుంది, నలుపు అధ్వానం. రెండూ కావాలంటే ఎల్‌సీడీ దగ్గర సమాధానం లేదు. పెద్ద కుర్చీలో కూర్చున్న ఒక్కడికి మంచి బొమ్మ చూపించి, వంటింటి గడప దగ్గరున్న మనిషికి వెలిసిన బొమ్మ చూపించే టీవీని ఇంటి టీవీ అనలేను.

ఇప్పుడు వెలుగు పక్కన అంగుళాలు, 4కె అనే ఇంకో రెండు మంత్రాలు చేరాయి. లెక్క చూస్తే చాలు. మామూలు మంచి కన్ను వేరు చేయగలిగిన అతి చిన్న కోణం సుమారు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద చుక్కలు అయిదున్నర అడుగులు దాటి వెనక్కి జరిగితే కలిసిపోతాయి, 55 అంగుళాలకైతే ఏడడుగులు. మన పడసాలలో టీవీకీ మంచానికీ మధ్య ఎనిమిది, తొమ్మిది అడుగులుంటుంది. అక్కడి నుంచి 43 అంగుళాల 4కెకూ ఫుల్ హెచ్‌డీకీ తేడా చూడగలనని ఎవరైనా అంటే, పెట్టె మీది అక్షరాలు చూసి అంటున్నారనే అర్థం. పైగా చాలా ఇళ్లలో కేబుల్ ద్వారా వచ్చే మామూలు చానల్ 576 గీతలదే. నలుపు తేడాను మాత్రం ఇరవై అడుగుల నుంచి కూడా కన్ను పట్టేస్తుంది. డబ్బు దేనికి పెట్టాలో ఇక్కడే తేలిపోయింది.

ప్లాస్మా ఇక అంగట్లో దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో కొనమనీ చెప్పను, బోర్డు పోతే దొరకదు. కానీ దాని గుణం ఓఎల్‌ఈడీగా తిరిగొచ్చింది. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల ఓఎల్‌ఈడీని అమ్మకానికి తెచ్చింది. అందులోనూ ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది, తానే పూర్తిగా ఆరిపోతుంది. ధర ఎక్కువ, మన ఊళ్లో అందరికీ అందేది కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కాబట్టి తేడా కొంత తగ్గింది. అది అందనివాళ్లకు వెనక దీపాన్ని ముక్కలుగా విడగొట్టి, చీకటి ఉన్న చోట తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఎల్‌సీడీలున్నాయి, మినీ ఎల్‌ఈడీ అని అమ్మేవి ఆ జాతివే. ఎల్‌సీడీ కంపెనీలు ఇన్నేళ్లుగా కోట్లు పోసి దీపాన్ని ముక్కలు చేస్తున్నది దేనికి? ప్లాస్మా తన తొలి రోజు నుంచీ చేస్తున్న పని చేయడానికే కదా. నలుపు ముఖ్యం కాదని మనకు చెబుతున్న పక్షమే నలుపు కోసం పరుగెత్తుతోంది.

అదీ అందకపోతే, ఇంట్లో ఉన్న టీవీనే రిమోట్‌తో సగం బాగుచేసుకోవచ్చు. అది అంగట్లో పెట్టిన వివిడ్ మోడ్‌లోనే ఇంటికొచ్చి ఉండొచ్చు. సినిమా మోడ్‌కు మార్చి, బ్యాక్‌లైట్ తగ్గించి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సెకనుకు 24 చట్రాలతో తీసిన సినిమాకు టీవీ తనకు తానే మధ్య చట్రాలు కల్పించి సీరియల్‌లా చేసే పనిని ఆపమని 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్ వీడియో పెట్టి మరీ చెప్పాడు. 2019లో క్రిస్టఫర్ నోలన్, మార్టిన్ స్కోర్సేసీ లాంటి దర్శకుల మద్దతుతో ఫిల్మ్‌మేకర్ మోడ్ అనేదాన్ని టీవీల కోసం ప్రకటించారు. మార్చిన మొదటి రోజు బొమ్మ మసకగా ఉందని ఇంట్లో అంటారు. అంగడి వెలుగుకు అలవాటు పడిన కన్ను అది. వారం తర్వాత మళ్లీ వివిడ్ పెట్టి చూపిస్తే కళ్లు చికిలించి వాళ్లే ఆపమంటారు.

"జనానికి నచ్చిందే అమ్ముతున్నాం" అని అంగడివాళ్లు అంటారు. జనానికి చూపించింది ఒక్కటే అయినప్పుడు నచ్చింది అనే మాటకు విలువ లేదు. తాడిపత్రిలో టీవీలు అమ్మే ప్రతి అంగడివారినీ నేను అడిగేది ఇది. వెనక మూలన నాలుగడుగుల చోటు చూసి నల్ల పరదా కట్టండి. లోపల రెండు టీవీలు పెట్టండి, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎదురుగా, ఇంకోటి పక్కగా వేయండి. చిలకల వీడియో తీసేసి, కొనడానికి వచ్చిన మనిషి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లోని రాత్రి సన్నివేశం పది నిమిషాలు నడవనివ్వండి. పక్క కుర్చీలో ఆయన భార్యను కూర్చోమనండి. ధర చీటీలు ఆ తర్వాత చూపించండి.